కూర్మమ్మ ఉన్న ఒక్క రోజా

కళింగపట్నంలో కూర్మమ్మ తిట్టు తినని మగవాడు కనబడ్డాడంటే వాడు ఆ ఊరివాడు కాదని అర్థం. చేపల బజారులో నలభై ఏళ్ళుగా గంప దించుతున్న మనిషి ఆవిడ. గాలి అనుకూలంగా ఉన్నరోజు ఆ గొంతు సముద్రం మీదున్న మొగుడు అసిరయ్యకి కూడా వినబడేదంటారు. వినబడితే ఆయన పడవని ఇంకాస్త లోపలికి పోనిచ్చేవాడంటారు.

కోపం వచ్చి తిట్టే మనిషి కాదు. తిట్టడం ఆవిడకి ఊపిరి తీసినంత మామూలు. అన్నం పెడుతూ తిట్టేది, జ్వరం వచ్చినవాడికి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ తిట్టేది. తిట్టించుకున్నవాళ్ళు కూడా మర్నాడు మళ్ళీ ఆవిడ దగ్గరికే చేపలకి వచ్చేవాళ్ళు.

ఆవిడ ఇంటి వెనక వాటాలో కార్తీకమాసంలో జుబేదా అనే అమ్మాయి అద్దెకి దిగింది. సాలూరు పిల్ల, తండ్రికి సొంత లారీ ఉంది. ఊరి సచివాలయంలో ఫిషరీస్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చి ఒక్కతే వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో, గట్టిగా మాట్లాడితే గాజులు పగులుతాయన్నట్టు మాట్లాడేది. ఇంత మెత్తటి పిల్ల ఎలా బతుకుతుందోనని కూర్మమ్మకి బెంగ.

దిగిన వారానికే ఒక సంగతి జరిగింది. సాయంత్రం పులుసు గిన్నె పట్టుకుని కూర్మమ్మ వెనక వాటాలోకి వెళ్ళేసరికి జుబేదా చాప మీద నుదురు నేలకి ఆనించి ఉంది.

"ఏటి పడిపోనాది పిల్లా? కమ్మా? ముక్కుపుడకా?"

జవాబు లేదు. పాపం, బంగారం పోయి మాట పడిపోయినట్టుందనుకుంది కూర్మమ్మ. గిన్నె పక్కనపెట్టి తానూ మోకాళ్ళ మీద కూలబడి మంచం కింద చెయ్యి పెట్టి వెతికింది. ఒక రబ్బరు బ్యాండూ, తన గంపలోంచే ఎప్పుడో రాలిన ఒక ఎండు మెత్తడూ దొరికాయి. అంతలో జుబేదా లేచి కూర్చుని కుడిపక్కకి తల తిప్పి ఏదో అంది. కుడిపక్కన కూర్మమ్మే ఉంది.

"ఆఁ, నన్నేనేటి?"

జుబేదా ఎడమపక్కకి తిరిగి మళ్ళీ అదే మాట అంది. ఎడమపక్కన కుక్కరు ఉంది.

అప్పుడు నవ్వేసింది ఆ పిల్ల. "నమాజు చేసుకుంటున్నాను పిన్నీ. మధ్యలో మాట్లాడకూడదు. రోజుకి ఐదుసార్లు మక్కా వైపు తిరిగి చేస్తాం. ఆఖర్న ఇటూ అటూ సలాం చెబుతాం. కుడి భుజం మీద మన మంచి పనులు రాసే దేవదూత ఉంటాడు, ఎడమ భుజం మీద చెడ్డవి రాసే దేవదూత."

"మీ ఓళ్ళకేనా?"

"అందరికీ ఉంటారు పిన్నీ."

కూర్మమ్మ తన ఎడమ భుజం వైపు మెల్లిగా చూసుకుంది. "ఓలమ్మో! నా కాడున్నోడికి సేతులు పడిపోయుంటాయి గదే."

ఇంకోరోజు గోడలన్నీ చూసి, "మీ దేవుడి పటం ఏదే?" అని అడిగింది. పటం ఉండదనీ, దేవుడు ఒక్కడేననీ, ఆయనకి రూపం గీయరనీ, ముహమ్మదు ప్రవక్త ఆయన పంపిన మనిషే గానీ దేవుడు కాదనీ చెప్పింది జుబేదా.

"మరి కష్టమొస్తే ఎవుల్ని సూసి తిడతావు? నానయితే శ్రీకూర్మం ఎల్లి సామి మొగం సూసి నాలుగు అడిగీసి వస్తాను."

"తిట్టం పిన్నీ. అడుక్కుంటాం."

"అలాగేటి," అంది కూర్మమ్మ జాలిగా.

ఫాల్గుణంలో రంజాను నెల వచ్చింది. రెండోరోజు మధ్యాహ్నం కూర్మమ్మ సచివాలయానికి పంపిన పులుసన్నం గిన్నె పంపినట్టే తిరిగొచ్చింది. మూడోరోజూ అంతే. పిల్ల అలిగిందని కూర్మమ్మ సాయంత్రం వెళ్ళి గుమ్మంలో నడుం మీద చెయ్యేసి నిలబడింది.

"ఏటే, నా పులుసుకేటి రోగం?"

జుబేదా కంగారుపడి రోజా సంగతి చెప్పింది. నెల పొడుపు నుంచి నెల పొడుపు దాకా, తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దు కుంకేవరకూ తిండి ముట్టరు. ఒంట్లో బాగాలేనివాళ్ళూ, ప్రయాణంలో ఉన్నవాళ్ళూ, కడుపుతో ఉన్నవాళ్ళూ మానేసి తర్వాత తీర్చుకోవచ్చు.

"నీళ్ళు?"

"నీళ్ళు కూడా తాగం."

"టీ?"

"టీలో నీళ్ళే కదా పిన్నీ."

ఈ సంగతి మర్నాడు బజారులో బేరాల్లేని వేళ కూర్మమ్మ పక్క గంప గురమ్మకి గొప్పగా చెప్పింది, తన కూతురే చేస్తున్నట్టు. నలభై ఏళ్ళుగా పక్కపక్కనే కూర్చుని పోటీపడి అమ్ముకుంటున్నవాళ్ళు ఇద్దరూ. గురమ్మ సోడా తాగుతూ, "ఆ పిల్ల ఉంటాది గానీ నువ్వు ఉండగలవేటి? గంటకో సెంబు నీళ్ళు తాగుతావు," అంది.

"ఏకాశికి ఉంటన్నాను. కార్తీక సోమవారాలు ఉంటన్నాను. ఇదో లెక్కేటి నాకు? రేపే ఉంటాను సూసుకో!"

మాట అలా బయటపడిపోయింది. సాయంత్రం జుబేదాకి చెబితే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "నీకు అవసరం లేదు పిన్నీ. అది మాకు విధి. పంతానికి ఉండేది కాదు."

"పంతం గురమ్మతోనే. నీతో మట్టుకు తోడు. ఒక్కర్తివీ ఆకలితో ఉంటే నాకు ముద్ద దిగతం లేదే."

జుబేదా ఆవిడ చెయ్యి పట్టుకుంది. తర్వాత, "అయితే ఒకటుంది. ఆకలొక్కటే కాదు, నోరు కూడా రోజా ఉండాలి. అబద్ధం ఆడకూడదు. చాడీలు చెప్పకూడదు. ఎవరినీ తిట్టకూడదు," అంది.

కూర్మమ్మ మొహంలో రంగు మారింది. "ఒక్కటి కూడానా?"

"ఎవరైనా గొడవకొస్తే, నేను రోజా ఉన్నాను అని ఊరుకోవాలి."

"ఉమ్మి మింగొచ్చునా?"

"మింగొచ్చు."

"అది సాల్లే," అంది కూర్మమ్మ, గొంతులో ధైర్యం లేకుండా.

మర్నాడు వేకువనే జుబేదా రొట్టే, అరటిపండూ తింటుంటే కూర్మమ్మ సద్దన్నంలో ఎండుచేప నంజుకుంటూ కూర్చుంది. ఉప్పు తినొద్దు, దాహమేస్తుందని జుబేదా రెండుసార్లు చెప్పింది. "ఎండుసేప బలమే," అని ఇంకో రెండు వేయించుకుంది. తెల్లవారే వేళకి ఫోనులో నమాజు పిలుపు అజాన్ వినబడింది. కూర్మమ్మ మూతి తుడుచుకుని యుద్ధానికి బయలుదేరినట్టు గంప ఎత్తుకుంది.

గంటలోనే దాహం మొదలైంది. నాలుక ఇసకలో ఆరబెట్టినట్టు అయిపోయింది. అది ఓర్చుకుంది. ఆవిడ ఒక ఉపాయం కూడా ఆలోచించుకుని వచ్చింది: తనకి రెండో మాట వచ్చిందంటే అది తిట్టే అవుతుంది కాబట్టి, ఎవరేమన్నా ఒక్క మాటే చెప్పి ఊరుకోవాలి.

ముందుగా హోటలు యుగంధర్ వచ్చాడు. రోజూ మొదటి బేరం అతనిదే. "అప్పా, ఈ వంజరం ఇయ్యాల్టిదేనా?"

రోజూ దీనికి జవాబు, "మొగంలో ఉన్నాయి కళ్ళా, కవళ్ళ సేపలా?" అని. ఈరోజు కూర్మమ్మ గుటక మింగి, "కాదు నాయినా, నిన్నటిది. ఐసులో పెట్టినాను," అంది.

యుగంధర్ చేతిలో చేప జారింది. అలవాటు కొద్దీ చెప్పిన ధరలో సగానికి అడిగాడు. "అంత తక్కువకి గిట్టదు నాయినా," అంది కూర్మమ్మ చిరునవ్వుతో. అతను తిట్టు కోసం కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. చావు జరిగిన ఇంట్లోంచి వెళ్ళేవాడిలా, చేపని నెమ్మదిగా గంపలో పెట్టి వెళ్ళిపోయాడు.

వెళ్ళి ఊరుకోలేదు. "కూర్మమ్మప్ప తిట్టనేదురా. సేపలో ఏదో ఉన్నాది. నేపోతే ఆవిడలో ఏదో ఉన్నాది," అని దారిపొడుగునా చెప్పాడు. తొమ్మిదయ్యేసరికి కూర్మమ్మ గంప చుట్టూ పదిమంది నిలబడ్డారు. ఎవరూ కొనరు, ఊరికే చూస్తారు. ధనరాజు అనే పడవాయన పరీక్షకి కావాలని ఆవిడ నీళ్ళ బకెట్టు తన్నేశాడు. కూర్మమ్మ మెడ నరాలు లేచాయి.

"నాను రోజా ఉన్నాను," అంది.

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గురమ్మకి తప్ప ఎవరికీ అసలు సంగతి తెలీదు. గురమ్మ రెండో సోడా కొట్టించుకుని, గొంతులో గుటగుట వినబడేలా తాగుతూ తమాషా చూస్తోంది.

పది గంటలకి అసిరయ్య వేట నుంచి వచ్చాడు. ముందురోజు మధ్యాహ్నమే పడవెక్కినవాడు, ఈ పంతాలేవీ అతనికి తెలీవు. వల భుజాన వేసుకుని, తల ముందే వంచుకుని తిట్టుకి సిద్ధంగా వచ్చాడు.

"కూకో మావా. అలిసిపోయుంటావు. ఏటైనా తిన్నావా?"

పెళ్ళయి ముప్ఫై ఎనిమిదేళ్ళలో వినని మాట. అసిరయ్య కూర్చోబోయి లేచాడు. పరుగెత్తి టీ తెచ్చి ఇచ్చాడు. ఆవిడ చేత్తో తోసేసింది.

"టీ వొద్దేటి నీకు?"

"నాను రోజా ఉన్నాను."

"నువ్వు కూర్మమ్మవి గదే!" అన్నాడు అసిరయ్య, ఏడుపు గొంతుతో.

కూర్మమ్మకి నవ్వూ వచ్చింది, తిట్టూ వచ్చింది. నోరు తెరిస్తే ఏది ముందు వస్తుందో తెలీక మూతి బిగించుకుంది. అసిరయ్య గురమ్మ వైపు తిరిగి, "ఏటప్పా దీనికి?" అన్నాడు.

"నాకేటి తెలుసు? పొద్దుట్నించీ అదే పేరు సెప్తన్నాది," అంది గురమ్మ.

ఇంక అనుమానం లేదు. రోజా అనే ఆడమనిషెవరో ఒంటి మీదికి వచ్చింది. ధనరాజు వెళ్ళి వేపమండలతో దిగదుడిచే దాలమ్మని తీసుకొచ్చాడు. డెబ్భై ఏళ్ళ దాలమ్మ రాగిచెంబులో పసుపునీళ్ళు పట్టుకుని వచ్చి కూర్మమ్మ ఎదురుగా చతికిలబడింది. బజారంతా చుట్టూ చేరింది.

"ఎవులు నువ్వు?"

"నాను రోజా ఉన్నాను."

"ఇన్నారా! దాని నోటితో అదే ఒప్పుకున్నాది," అంది దాలమ్మ జనంతో. మళ్ళీ ఇటు తిరిగి, "ఏ ఊరు నీది? ఏటి కావాల? కోడా? సీరా?"

కూర్మమ్మ ఎంత ఓపిక పట్టిందో ఆవిడకే తెలుసు. "ఏటీ వొద్దు అమ్మా. గుక్కెడు నీళ్ళు కూడా వొద్దు. పొద్దు కుంకితే అదే అయిపోతాది."

దాలమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "పొద్దు కుంకితే వొచ్చినోళ్ళని సూసినాను గానీ, పొద్దు కుంకితే పోయినోళ్ళని సూడనేదు. ఇది మొండిది. పట్టండి!"

ధనరాజూ, ఇంకొకడూ చెరో రెక్కా పట్టుకున్నారు. దాలమ్మ వేపమండతో రెండు తగిలించి పసుపునీళ్ళ చెంబు నోటికి ఆనించింది. చల్లటి నీళ్ళు పెదవులకి తగిలాయి. పొద్దుట్నుంచి దాహంతో మండుతున్న గొంతు ఒక్కసారి లేచొచ్చింది. కూర్మమ్మ మూతి గట్టిగా బిగించి తల విదిలించింది. చెంబు ఎగిరి దాలమ్మ ఒళ్ళో పడింది. కూర్మమ్మ నోట్లో పడిన చుక్కని తుపుక్కున ఊసేసింది, ఇక ఆగలేదు.

"ఒరే ధనరాజుగా! నీ పడవకి సిల్లు పడినా తెలీదు, నీ బుర్రకి పడినా తెలీదు! రెక్క వొదల్రా మెత్తళ్ళ మొగమోడా! ఒసే దాలీ, నీ పసుపునీళ్ళు నీ కోడలికి పట్టు, అది నీ మీద సెప్పిన సాడీలన్నీ దిగుతాయి! మావా, నిన్ను కట్టుకున్న రోజునే సంద్రంలో దిగిపోవాల్సింది నాను! పెళ్ళాన్ని పట్టుకుని ఇంకొకర్తి అంటే నమ్మేస్తావేటి, పనికిమాలినోడా!"

ఇది మొదలు మాత్రమే. బజారు ఈ చివర నుంచి ఆ చివరకి ఎవరినీ వదల్లేదు. పిల్లుల్ని కూడా.

అసిరయ్య చేతులెత్తి దండం పెట్టాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇది నా పెళ్ళామే! నా కూర్మమ్మే!" హోటల్లో ఉన్న యుగంధర్ ఆ గొంతు విని సంచీ పట్టుకుని పరుగున వచ్చాడు. నిన్నటి వంజరమే, చెప్పిన ధరకే పట్టుకెళ్ళాడు. అతని వెనక మిగతావాళ్ళు. అరగంటలో గంప ఖాళీ. దిగిపోయిందని ప్రకటించి, దాలమ్మ తనకి రావలసిన కోడి గురించి అసిరయ్యని అడగడం మొదలుపెట్టింది.

ఖాళీ గంప ముందు కూర్చున్నాక గానీ కూర్మమ్మకి తాను ఏం చేసిందో తెలియలేదు. గంప అక్కడే వదిలేసి నేరుగా సచివాలయానికి వెళ్ళింది. జుబేదా బల్ల ముందు పెన్షన్ల కోసం వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళందరి ముందూ ఏడ్చేసింది.

"పోనాదే పిల్లా. నీ రోజా ఇరగ్గొట్టీసినాను. పొద్దుట్నించీ పట్టుకున్నాను, పట్టుకున్నాను... ఒక్కసారే పోనాది."

"నీళ్ళు తాగేశావా పిన్నీ?"

"లేదు. ఊసీసినాను. తిట్టీసినాను. బజారు మొత్తాన్ని తిట్టీసినాను."

జుబేదా లేచి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "తిడితే పుణ్యం తరుగుతుంది గానీ రోజా విరిగిపోదు. దేవుడు చాలా దయగలవాడు పిన్నీ. మా ప్రార్థనలన్నీ ఆ మాటతోనే మొదలవుతాయి. నువ్వు అడిగితే మన్నిస్తాడు. కాకపోతే మనుషుల్ని నొప్పిస్తే ముందు వాళ్ళనే మన్నింపు అడగాలి."

కూర్మమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇయ్యాల్టి తిట్లకేనా? నలభై ఏళ్ళవీ అడగాలా?"

జుబేదా గోడ గడియారం చూసింది. "ఇవాళ్టివి చాలు. ఆరు దాకానే టైముంది."

ఆ సాయంత్రం కళింగపట్నం చూసిన వింత అంతా ఇంతా కాదు. కూర్మమ్మ ఇల్లిల్లూ తిరిగి మన్నింపు అడిగింది. ధనరాజు ఆవిడ రావడం చూసి పడవ కింద దూరాడు. కాళ్ళు పట్టి లాగింది. "నన్ను మన్నిస్తావా, నేదా? బేగి సెప్పు, నాకింకా పన్నెండు ఇళ్ళున్నాయి!" వాడు పడవ కిందనుంచే మన్నించాడు. యుగంధర్ అయితే, "ఇంకా దిగనేదేటప్పా?" అని తలుపు వేసుకోబోయాడు. దాలమ్మ కోడి లేకపోయినా ఒక వంజరం తల ఇస్తే మన్నిస్తానంది. అసిరయ్య, "మన్నింపేటి గానీ ఇంకొక్కసారి తిట్టవే, గుండె కుదుటపడనేదు," అన్నాడు. పొద్దు కుంకాక చూద్దామంది.

ఆఖర్న గురమ్మ. గురమ్మ గంప కడుక్కుంటోంది. కూర్మమ్మ వచ్చి నిలబడింది. గంప రెండో పక్క పట్టుకుంది.

గురమ్మే అంది, గంప మీంచి చూపు ఎత్తకుండా. "నీ ముందు కూకుని సోడాలు తాగినాను. నీ మావకి కూడా నిజం సెప్పనేదు. నువ్వేటి అడిగేది, నానే అడగాల."

"ఎన్ని తాగినావు?"

"మూడు. మూడోది గొంతు దిగనేదు. పారబోసినాను."

"సర్లే, రా. పొద్దు కుంకుతున్నాది," అంది కూర్మమ్మ.

వెనక వాటా అరుగు మీద జుబేదా పళ్ళెంలో ఖర్జూరాలూ, పుచ్చకాయ ముక్కలూ, నానబెట్టిన పెసరపప్పూ పెట్టింది. గురమ్మ మిరపకాయ బజ్జీలు తెచ్చింది. అసిరయ్య దూరంగా కూర్చుని పెళ్ళాం మొహం వైపే చూస్తున్నాడు. ఫోనులో అజాన్ మొదలైంది. జుబేదా చేతులు చాపి ఏదో చదువుకుని ఖర్జూరం కొరికింది. కూర్మమ్మకి ఏం చదవాలో తెలీలేదు. కళ్ళు మూసుకుని, "ఎవులైనా గానీ, దాహంతో ఉన్నోళ్ళందరికీ నీళ్ళియ్యి సామీ," అనుకుంది. గ్లాసు ఎత్తింది.

సగం తాగి ఆపింది. గ్లాసులోకి చూసింది. "నీళ్ళకి ఇంత రుసి ఉంటాదని నాకు ఇన్నాళ్ళూ ఎవులూ సెప్పనేదు," అంది. మిగతా సగం చాలా నెమ్మదిగా తాగింది.

మళ్ళీ రోజా ఉండలేదు కూర్మమ్మ. కానీ ఆ నెలంతా జుబేదా ముందు నీళ్ళు తాగలేదు, ఎవరినీ తాగనివ్వలేదు. నెలాఖరున పండక్కి జుబేదా వాళ్ళ నాన్న లారీ పంపితే, కూర్మమ్మా అసిరయ్యా ముందు సీట్లో కూర్చుని సాలూరు వెళ్ళారు.

పండగనాడు పొద్దున్నే మగవాళ్ళు నమాజుకి వెళ్ళేముందే, పేదవాళ్ళ ఇళ్ళల్లోనూ పండగ జరగాలని మనిషికింత చొప్పున బియ్యం కొలిచి పంచారు. ఫిత్రా అంటారట. కూర్మమ్మకి ఆ పద్ధతి బాగా నచ్చి, తను తెచ్చిన ఎండుచేపల బుట్ట కూడా వీధిలో పంచేసింది. లోపలికి వచ్చి సేమ్యా ఖీరు గ్లాసు అందుకునేసరికి పెరట్లోంచి ఒక గొంతు లేచింది.

జుబేదా నాయనమ్మ హలీమాబీ అది. ఎనభై ఏళ్ళ మనిషి. పదేళ్ళ కిందట హజ్ యాత్ర కూడా చేసొచ్చింది. కొడుకు లారీని గేటుకి అడ్డంగా పెట్టాడని మొదలుపెట్టి, పాలవాణ్ణీ, అల్లుళ్ళనీ, ఖీరులో జీడిపప్పు మాడ్చిన కోడలినీ వరసగా కడిగేస్తోంది. ఇంట్లో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

కూర్మమ్మ గ్లాసు పట్టుకునే జుబేదా చెవిలో అడిగింది. "మీ నాయనమ్మ నెలంతా నోరు కట్టుకున్నాదేటి?"

"ముప్ఫై రోజులు. ఒక్క మాట తూలలేదు పిన్నీ. ఆ అలవాటు ఏడాదంతా నిలవాలని అమ్మ ప్రతి ఏడాదీ దువా చేస్తుంది. పండగ పొద్దుటి దాకా నిలుస్తుంది."

"ముప్ఫై రోజులే!" అంది కూర్మమ్మ. ఆవిడ కళ్ళల్లో అంత గౌరవం అసిరయ్య ఎప్పుడూ చూడలేదు. ఖీరు గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళి ముసలావిడ పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ లారీని చూశారు.

"అడ్డంగానే ఉన్నాది," అంది కూర్మమ్మ.

"కదా!" అంది హలీమాబీ.

పదకొండయ్యేలోపు జుబేదా వాళ్ళ నాన్న లారీని మూడుసార్లు జరిపాడు. నాలుగోసారి ఏకంగా స్టాండుకే తోలుకుపోయాడు. అసిరయ్య కూడా ఎక్కి పక్కసీట్లో కూర్చున్నాడు. బిర్యానీ అయిందని కబురొచ్చేవరకూ ఇద్దరూ అక్కడే, క్యాబిన్లో, ఎంతో ప్రశాంతంగా కూర్చున్నారు.